తోరీ ర్యూజో: పండితుడా, సామ్రాజ్యం పనిమనిషా?

మట్టిపెంకు:
వేరే చర్చలో జపాన్ తొలితరం పురావస్తు పరిశోధకుల మాట వచ్చినప్పుడు ఒకాయన తోరీ ర్యూజోను (1870–1953) "సైన్యం వెనకాల కెమెరా పట్టుకుని తిరిగినాయన" అని ఒక్క ముక్కలో కొట్టిపారేశారు. నాకది మింగుడుపడలేదు. అందుకే ఇక్కడ విడిగా పెడుతున్నా.

ఈయన షికోకు దీవిలోని తోకుషిమా ఊరివాడు. ప్రాథమిక బడి కూడా పూర్తి చేయలేదు. ఇంట్లో కూర్చుని సొంతంగా చదువుకుంటూ, టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో మానవశాస్త్రానికి పునాది వేసిన త్సుబోయి షోగోరో కంట్లో పడ్డాడు. 1893లో ఆ యూనివర్సిటీలో చేరింది నమూనాలు సర్దే పనికి.

అప్పట్లో అక్కడ పెద్ద గొడవ ఏమిటంటే, జపాన్‌లో దొరుకుతున్న రాతియుగం కుండలు ఎవరివి? ఉత్తర జపాన్ ఆదివాసులైన ఐనుల కథల్లో కొరొపొక్కురు అనే పొట్టి మనుషులు వస్తారు. ఐనుల కంటే ముందు ఉన్నది వాళ్లేననీ, కుండలు వాళ్లవేననీ త్సుబోయి వాదన. కాదు, అవి ఐనుల పూర్వీకులవేనని శరీరనిర్మాణ శాస్త్రవేత్త కొగానెయి యొషికియో. ఈ గొడవ మధ్యలో 1899లో తోరీ జపాన్‌కు ఉత్తరాన ఉన్న కురిల్ దీవుల ఐనుల దగ్గరికి వెళ్లాడు. నేలలో గుంత తవ్వి ఇళ్లు కట్టుకున్నదీ, కుండలూ రాతి పనిముట్లూ చేసుకున్నదీ తమవాళ్లేనని వాళ్లు చెప్పారు. పొట్టి మనుషుల కథే వాళ్లకు తెలియదు. గురువు వాదానికి గండి పడుతుందని తెలిసి కూడా తోరీ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేశాడు. త్సుబోయి 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చనిపోయేదాకా తన మాట వదల్లేదు, శిష్యుణ్ణీ వదల్లేదు. ఇలాంటి మనిషిని ఒక్క ముక్కలో తేల్చేస్తారా?

గోదారిగట్టు:
ఆ ముక్క అన్నది నేనే. కథ బాగుంది గానీ తేదీలు కూడా చూడండి. చైనాతో యుద్ధం జరిగిన 1895లోనే ఈశాన్య చైనాలోని లియావోదోంగ్. తైవాన్ జపాన్ చేతికొచ్చిన మరుసటి ఏడాదే తైవాన్. కొరియాను కలిపేసుకున్నాక కొరియా, అదీ అక్కడి జపాన్ గవర్నర్ జనరల్ ప్రభుత్వం అప్పగించిన పని. జపాన్ సైన్యం సైబీరియాలో ఉండగా 1919లో సైబీరియా. ఇన్నిసార్లు యాదృచ్ఛికంగా జరుగుతుందా? అన్నట్టు, మీ కురిల్ ఐనులను 1884లో సొంత దీవుల నుంచి లేపి షికోతాన్‌కు తరలించింది కూడా జపాన్ ప్రభుత్వమే.

పాతపటం:
అన్నీ అలా కుదరవండీ. 1902లో నైరుతి చైనాలో మియావో జనం దగ్గరికి వెళ్లాడు. ఆ గుయిజౌ కొండల్లో జపాన్ సైన్యం ఎక్కడుంది? తైవాన్ ఆదివాసులకూ వీళ్లకూ పోలికలు ఉన్నాయేమో చూద్దామని వెళ్లాడు, అంతే. ఇక 1906లో మంగోలియా వెళ్లింది ఖరాచిన్ అనే మంగోల్ తెగ రాజుగారి బడిలో పాఠాలు చెప్పడానికి. భార్య కిమికో కూడా అక్కడ టీచరే. ఆ తర్వాత పసిబిడ్డను వెంటబెట్టుకుని మరీ ఆ మైదానాల్లో తిరిగారు.

గోదారిగట్టు:
మియావో సంగతి ఒప్పుకుంటా. కానీ ఆ బడిలో కిమికో కంటే ముందు పనిచేసిన టీచరమ్మ కవహారా మిసాకో రష్యా యుద్ధకాలంలో జపాన్‌కు రహస్య సమాచారం చేరవేసినావిడ. ఉదాహరణ ఇంకోటి వెతుక్కోండి :)

సూదిరాయి:
మీరిద్దరూ రాజకీయం దగ్గరే ఆగిపోయారు. తవ్వకాల మనిషిగా ఆయన ఎంత గట్టివాడు? నా లెక్కలో అంతంతమాత్రమే. టోక్యో చుట్టుపక్కల కాంతో ప్రాంతంలో దొరికే జోమోన్ కుండల్లో (జపాన్ రాతియుగం కుండలకు ఆ పేరు) మందంగా ఉన్నవీ పల్చగా ఉన్నవీ చూసి, ఒకే కాలంలో బతికిన రెండు తెగలవని చెప్పాడు. తర్వాత యమనౌచి సుగావో లాంటి పురావస్తు పరిశోధకులు మట్టి పొరలు చూసి తవ్వితే అవి వేర్వేరు కాలాలవని తేలింది. ఏ కుండ ఏ పొరలో ఉందని అడగాల్సిన చోట తోరీ ఏ జాతి వాడిదని అడిగాడు. క్యోటోలో 1916లో మొదలైన పురావస్తు శాఖలో హమాదా కోసాకు లండన్‌లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పెట్రీ దగ్గర నేర్చుకొచ్చిన పద్ధతి వేరు. మన చర్చల్లో హమాదా పేరు ఎవరూ ఎత్తరు, తిరుగుళ్ల కథలు లేవనేమో.

వెన్నెల:
సూదిరాయి గారు చెప్పిన ఆ "ఏ జాతి" అనే ప్రశ్నే అసలు ప్రమాదం. 1919 మార్చిలో కొరియన్లు స్వాతంత్ర్యం కోసం వీధుల్లోకి వచ్చారు. మరుసటి ఏడాది తోరీ, జపనీయులూ కొరియన్లూ ఒకే మూలం నుంచి వచ్చినవాళ్లని వ్యాసం రాశాడు. మనమంతా ఒకటే కాబట్టి విడిపోనక్కర్లేదన్నది దాని సారాంశం. ఎవరూ తుపాకీ పెట్టి రాయించలేదు కదా. తైవాన్‌లో తీసిన ఫొటోలు కూడా చూడండి. ఒకే మనిషిని ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి. ఇష్టంగా నిలబడ్డారో, నిలబెట్టారో ఆ ముఖాలు చూస్తే తెలియదూ?

మట్టిపెంకు:
వెన్నెల గారూ, ఆ వ్యాసాన్ని నేను సమర్థించను. దాన్ని దాచి ఆయన గురించి రాస్తే తప్పే. అయితే లెక్క అక్కడితో ఆపేస్తే ఎలా? 1924లో టోక్యో యూనివర్సిటీకి రాజీనామా చేసి, ఇంటినే పరిశోధనాలయం చేసుకుని భార్యాపిల్లలతో పని నడిపాడు. ఒకప్పుడు ఉత్తర చైనాను, మంగోలియాను ఏలిన లియావో రాజుల సమాధుల మీద ఈ కుటుంబం చేసిన కృషి చిన్నదేమీ కాదు. 1939లో బీజింగ్‌లోని యెంచింగ్ యూనివర్సిటీకి వెళ్లాడు. అది అమెరికన్ మిషనరీలు పెట్టిన సంస్థ. పెర్ల్ హార్బర్ తర్వాత దాన్ని మూయించింది జపాన్ సైన్యమే. ఆయన బీజింగ్‌లోనే ఉండిపోయి, 1951లో గానీ ఇంటికి రాలేదు. సైన్యం వెనకాల తిరిగినాయన చివరికి సైన్యం మూసేసిన చోట పంతులుగా తేలాడు.

ఇంకో సంగతి. కురిల్ ఐనుల ఇళ్ల గురించీ భాష గురించీ ఈరోజు ఎవరు రాయాలన్నా తోరీ రాతలు తిరగేయకుండా కుదరదు.

గోదారిగట్టు:
రాయండి, ఎవరు కాదన్నారు. ఆ వాక్యం పక్కనే 1884 తరలింపు కూడా రాయండి. మనుషుల్ని సొంత దీవుల నుంచి లేపేశారు కాబట్టే ఆయన నోట్సు అంత విలువైపోయింది. ఇక 1920 వ్యాసం నాటికి ఆయనకు 50 ఏళ్లు. తెలిసీ తెలియని వయసని నాకు చెప్పకండి.

సూదిరాయి:
హమాదా గురించి విడిగా చర్చ పెడుతున్నా. ఆయన కూడా కొరియాలో పనిచేశాడు, 1921లో గ్యోంగ్జులో బయటపడ్డ బంగారు కిరీటం సమాధి దగ్గర. గోదారిగట్టు గారూ, అక్కడికి కూడా తేదీల పట్టిక పట్టుకు రండి.