మాంటేగ్ పదవి పోగొట్టిన టెలిగ్రామ్ పూర్తి పాఠం కావాలి
ఎడ్విన్ మాంటేగ్ మీద వ్యాసం రాస్తూ ఒక్కచోట ఆగిపోయాను, కాస్త సాయం చేయండి. 1917లో బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి అయ్యాడు, భారత్‌కు క్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇస్తామన్న ఆగస్టు 20 ప్రకటన, 1919 సంస్కరణలు, అంతవరకూ ఇబ్బంది లేదు. 1922 మార్చిలో వైస్రాయ్ రీడింగ్ టర్కీ గురించి పంపిన టెలిగ్రామ్‌ను క్యాబినెట్‌ను అడక్కుండా బయటపెట్టనిచ్చి రాజీనామా చేయాల్సి వచ్చింది, ఆ నవంబర్‌లో కేంబ్రిడ్జిషైర్ సీటూ పోయింది. ఆయన డైరీ తిరగేశాను, అది 1917-18 పర్యటనతోనే సరి. మిగతా పుస్తకాల్లో సారాంశమే ఉంది: మిత్రరాజ్యాలు కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) ఖాళీ చేయాలి, ముస్లింల పవిత్ర స్థలాలపై టర్కీ సుల్తాన్ ఆధిపత్యం ఉండాలి, థ్రేస్, స్మిర్నా (నేటి ఇజ్మీర్) టర్కీకి తిరిగివ్వాలి అని. టర్కీ సుల్తాన్ ఖలీఫా పదవి కోసం భారత ముస్లింలు నడిపిన ఖిలాఫత్ ఉద్యమం వేడిలో రాసిన మాటలవి, ఉన్నవి ఉన్నట్టే చదవాలి. ఆ టెలిగ్రామ్ పూర్తి పాఠం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది?