రోమన్ సైన్యాన్ని నిలబెట్టింది ఏర్పాటా, మనుషులా?

పాతకోట:
ఒక సందేహం. రోమన్ సైన్యం గొప్పతనమంతా దాని ఏర్పాటులోనే ఉందని నిన్న ఒకాయన వాదించాడు. ఎనిమిది మందికి ఒక గుడారం, పది గుడారాలకు ఒక సెంచరీ, ఆరు సెంచరీలకు ఒక కోహోర్ట్, పది కోహోర్ట్‌లకు ఒక లీజియన్. ఎవడు పోయినా ఆ చట్రం నడుస్తూనే ఉంటుందట. నిజమేనంటారా? రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ కాలం, ఆ తర్వాత ఓ వందేళ్లు, అంతవరకే మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు:
నూటికి నూరుపాళ్లూ నిజం. గ్రీకు చరిత్రకారుడు పొలిబియస్ రాసిన ఒక్క సంగతి చూడండి. పొద్దుగూకే వేళ ఆ రాత్రి సంకేతపదం రాసిన చెక్క పలకను శిబిరంలో చివరన ఉన్న దళం మనిషి ట్రిబ్యూన్ (లీజియన్‌లో పై అధికారి) దగ్గర తీసుకుంటాడు. దాన్ని సాక్షుల ముందు పక్క దళానికి అందిస్తారు. అలా చేతులు మారుతూ చీకటి పడేలోపు మళ్లీ ట్రిబ్యూన్ గుడారానికి చేరాలి. చేరలేదా, ఎక్కడ ఆగిందో పలకల మీది గుర్తుల్ని బట్టి అప్పటికప్పుడే తేలిపోతుంది. ఇందులో ఎవడూ వీరుడు కానక్కర్లేదు. పద్ధతి ప్రకారం పలక అందిస్తే చాలు.

సీజర్‌ఫ్యాన్:
లీజియన్ అంటే 6,000 మంది కదా మాస్టారూ?

లెక్కలమాస్టారు:
కాదు. సెంచరీకి 80 మంది, కోహోర్ట్‌కు 480. మొదటి కోహోర్ట్‌లో మాత్రం ఐదే సెంచరీలు, అవీ రెట్టింపువి, అంటే 800. మిగతా తొమ్మిది కోహోర్ట్‌లకు 4,320. మొత్తం 5,120. దీనికి 120 మంది రౌతుల్ని కలపండి. స్కాట్లాండ్‌లోని ఇంచ్‌టుథిల్ కోట తవ్వకాల్లో మొదటి కోహోర్ట్ బారకాసులు బయటపడ్డాయి. మీరు చెప్పే అంకె సైన్యం మీద పుస్తకం రాసిన వెజీషియస్‌ది. ఆయన శతాబ్దాల తర్వాతివాడు.

నీలాంబరి:
పొలిబియస్ క్రీ.పూ. 2వ శతాబ్దం వాడు మాస్టారూ. ప్రశ్న అగస్టస్ నుంచి కదా? వెజీషియస్ దూరమైతే పొలిబియస్ మాత్రం దగ్గరెలా అయ్యాడు?

కృష్ణాతీరం:
మన నల్గొండ జిల్లాలో కూడా అగస్టస్, టిబేరియస్ వెండి నాణేలు దొరికాయి. ఆ సిపాయిల జీతం లెక్కగట్టిన డినారియస్ అదే.

నిర్వాహకులు:
నాణేలకు వేరే చర్చ పెట్టండి, దయచేసి.

మాజీ_హవల్దార్:
మాస్టారూ, మీ 5,120 కాగితం మీది అంకె. నేను యూనిట్‌లో పరేడ్ స్టేట్ రాసినవాణ్ణి. రోల్‌లో ఉన్న పేర్లెన్ని, పొద్దున్న ఫాలిన్‌లో నిలబడ్డ మనుషులెందరు, ఈ రెండూ ఏ రోజూ కలవవు. ఉత్తర ఇంగ్లండ్‌లోని విండోలాండా కోటలో దొరికిన చెక్క రేకు మీద అచ్చం అలాంటి లెక్కే ఉంది. క్రీ.శ. 90ల నాటిది, తేదీ మే 18. టుంగ్రియన్ తెగవాళ్ల మొదటి కోహోర్ట్, రోల్ మీద 752 మంది. అందులో 456 మంది కోటలోనే లేరు. 337 మంది కోరియా అనే మరో స్థావరంలో, 46 మంది గవర్నర్ గారి అంగరక్షక దళంలో, ఒక సెంచూరియన్ (సెంచరీకి నాయకుడు) లండన్‌లో. కోటలో మిగిలింది 296. వాళ్లలోనూ 15 మందికి జబ్బు, 6 మందికి గాయాలు, 10 మందికి కళ్లకలక. పనికొచ్చేవాళ్లు 265. ఆరుగురు సెంచూరియన్లకు గాను అక్కడున్నది ఒక్కడే. ఆ రోజు ఆ కోటను కాపాడింది మీ చట్రం కాదు, ఆ ఒక్కడు.

లెక్కలమాస్టారు:
మీ ఉదాహరణ లీజియన్‌దే కాదు. టుంగ్రియన్లు సహాయక దళం. ప్రశ్న లీజియన్ గురించి.

నీలాంబరి:
ప్రశ్న "రోమన్ సైన్యం" గురించి. ఆ సైన్యంలో దాదాపు సగం సహాయక దళాలే. పౌరసత్వం లేనివాళ్లు 25 ఏళ్లు చాకిరీ చేసి, చివర్లో దాన్ని సంపాదించుకునేవాళ్లు. లెక్కల్లో ఎప్పుడూ వాళ్లనే పక్కన పెడతారు.

లెక్కలమాస్టారు:
పక్కన పెట్టలేదు మేడమ్, విడిగా లెక్కపెడతాం అంటున్నా. అయినా హవల్దార్ గారు చూపించినది నా మాటనే బలపరుస్తోంది. 456 మంది ఎక్కడెక్కడ ఉన్నారో, ఎవరికి కళ్లకలకో రాసి పెట్టుకున్న సైన్యం అది. దాన్ని ఏర్పాటు అనక ఇంకేమంటారు?

మాజీ_హవల్దార్:
రాసినంత మాత్రాన జరిగినట్టేనా? నేను రిటైరైనప్పుడు కాగితాల్లో నేను చేరిన తేదీ తప్పు పడింది. తప్పు రాసింది ఆఫీసు, కాళ్లరిగేలా తిరిగింది నేను. ప్రతి కౌంటర్లోనూ "సిస్టమ్‌లో ఇలాగే ఉంది సార్" అన్నారు. చివరికి దాన్ని సరిచేసింది ఒక క్లర్కు. భోజనం పక్కన పెట్టి, పాత ఫైలు వెతికి తీశాడు. ఆ పనికి ఏ రూలూ అతన్ని బలవంతపెట్టలేదు.

సీజర్‌ఫ్యాన్:
అయితే రౌతులతో కలిపి 5,240 అన్నమాట?

లెక్కలమాస్టారు:
హవల్దార్ గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ ఆ క్లర్కు ఆ రోజు సెలవు పెట్టి ఉంటే? మా స్కూల్లో ఒక మంచి హెడ్మాస్టర్ ఉండేవారు. తాళంచెవుల దగ్గర నుంచి టెన్త్ స్పెషల్ క్లాసుల దాకా అన్నీ ఆయన బుర్రలోనే. బదిలీ అయి వెళ్లారు. నెల తిరక్కుండా ప్రేయర్ బెల్లు కొట్టే దిక్కు లేకుండా పోయింది. మంచివాడి మీద ఆధారపడటం నాకు భయం. రోమ్‌లో సెనేటర్ల కొడుకులు ఇరవై ఏళ్లకే ట్రిబ్యూన్లుగా దిగేవాళ్లు, కొన్నాళ్లుండి రోమ్‌కు వెళ్లిపోయేవాళ్లు. వాళ్లెలాంటివాళ్లయినా లీజియన్ నడిచిందంటే కారణం ఏమిటి?

మాజీ_హవల్దార్:
కారణం కింద సెంచూరియన్ ఉండటం! మా దగ్గర సుబేదార్ సాబ్ ఉన్నట్టు. పైవాడు మారతాడు, ఆయన ఉంటాడు. పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఇది తెలియదు.

లెక్కలమాస్టారు:
ఓహో. యూనిఫాం వేసుకున్నవాళ్లకే చరిత్ర తెలుస్తుందా? మరి మీ సెంచూరియన్ ఘనత కూడా వినండి. క్రీ.శ. 14లో అగస్టస్ పోగానే డాన్యూబ్ వైపున్న పన్నోనియాలో మూడు లీజియన్లు తిరగబడ్డాయి. లూసిలియస్ అనే సెంచూరియన్‌ను సిపాయిలు చంపేశారు. అతనికి వాళ్లు పెట్టిన పేరు "ఇంకోటి పట్రా". వీపు మీద ద్రాక్షకర్ర విరిగేదాకా కొట్టి, ఇంకో కర్ర అడిగేవాడట. డ్యూటీ తప్పించుకోవాలంటే సెంచూరియన్‌కు డబ్బు ముట్టజెప్పాల్సిందే. ఇదీ మనుషుల మీద నడిచే సైన్యం!

మాజీ_హవల్దార్:
మరి వాళ్లు తిరగబడింది ఎందుకో అది చెప్పరేం? సర్వీసు అయిపోయినా ఇళ్లకు పంపలేదు. 30 ఏళ్లు, 40 ఏళ్లు పనిచేసిన ముసలివాళ్లు. పంపినవాళ్లకు పొలమని చెప్పి బురదనేల, రాళ్లగుట్ట ఇచ్చారు. అప్పుడే తిరగబడ్డ రైన్ సైన్యంలో అయితే సేనాపతి జర్మానికస్ చెయ్యి ముద్దుపెట్టుకుంటున్నట్టు పట్టుకుని, ఆ వేళ్లను తమ నోట్లో పెట్టుకుని బోసి చిగుళ్లు తడిమించారు. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. వాళ్లు అడిగింది 16 ఏళ్లకే విడుదల, రోజుకో డినారియస్. ఏర్పాటు పక్కాగా ఉన్న చోట పళ్లూడేదాకా ఉంచుతారా?

నీలాంబరి:
ఇంతసేపటికి అసలు తగువు బయటపడింది. 5,120 ఎవరికీ పట్టలేదు. ఇచ్చిన మాట నిలబడాలంటే దాన్ని చట్టంలో రాయాలని మాస్టారు, రాసినదాన్ని అమలుచేసే మనిషి లేకపోతే అది చిత్తుకాగితమని హవల్దార్ గారు. రోమ్‌ను కాసేపు వదిలేసి ముందే ఇలా అనుకుని ఉంటే రెండు పేజీలు మిగిలేవి.

లెక్కలమాస్టారు:
రోమ్‌ను ఎందుకు వదలాలి? క్రీ.శ. 6లోనే అగస్టస్ సైనిక ఖజానా పెట్టాడు. సొంత సొమ్ము 17 కోట్ల సెస్టర్సులు (నాలుగైతే ఒక డినారియస్) వేశాడు. వారసత్వ ఆస్తి మీద నూటికి 5, వేలం అమ్మకాల మీద నూటికి 1 పన్ను దానికి కేటాయించాడు. రిటైరైన లీజియన్ సిపాయికి 12,000 సెస్టర్సులు. అంతకుముందు ఆ డబ్బు కోసం సేనాపతి మొహం చూడాల్సి వచ్చేది. సిపాయి సీజర్ మనిషో, ఆంటోనీ మనిషో అయ్యాడు తప్ప రోమ్ మనిషి కాలేకపోయాడు. అంతర్యుద్ధాలన్నీ అందుకే. ఖజానా పెట్టాక జీతం, రిటైర్మెంట్ రెండూ లెక్కలోకొచ్చాయి. ఇజ్రాయెల్‌లోని మసాడా కోటలో ఒక సిపాయి జీతం చీటీ దొరికింది, చూడండి. వచ్చింది 50 డినారియస్‌లు. బార్లీకి 16, తిండికి 20, బూట్లకు 5, తోలు పట్టీలకు 2, నార చొక్కాకు 7.

మాజీ_హవల్దార్:
కూడండి మాస్టారూ. సరిగ్గా 50. చేతికొచ్చింది సున్నా.

సీజర్‌ఫ్యాన్:
😂

లెక్కలమాస్టారు:
సున్నా అయినా లెక్క చెప్పారు!

మాజీ_హవల్దార్:
లెక్క చెప్పినవాళ్లే మాట కూడా తప్పారు. తిరుగుబాటు చల్లార్చడానికి ఒప్పుకున్న 16 ఏళ్ల గడువును మరుసటి ఏడాదే, క్రీ.శ. 15లో, కొత్త చక్రవర్తి టిబేరియస్ రద్దు చేశాడు. ఖజానాలో డబ్బు చాలదన్నాడు. ఖజానా ఉంది, పన్ను ఉంది, చట్టం ఉంది. ముసలివాడు మాత్రం గుడారంలోనే ఉన్నాడు.

లెక్కలమాస్టారు:
అయినా అదే ఏడాది జర్మానికస్ వెంట రైన్ దాటి వెళ్లింది ఆ తిరగబడ్డ లీజియన్లే. రద్దు చేశారని సైన్యం కూలిపోయిందా?

మాజీ_హవల్దార్:
దాటారు. క్రీ.శ. 9లో జర్మనీ అడవిలో సేనాపతి వారుస్‌తో పోయిన మూడు లీజియన్ల ఎముకలు ఆరేళ్లుగా ఆ అడవిలో పడి ఉంటే ఏరి పూడ్చిపెట్టారు. ఎవరివి ఎవరివో తెలియదు, తమవాళ్లవే అనుకుని పూడ్చారు. టిబేరియస్‌కు ఆ పని నచ్చలేదు కూడా. అది మీ చట్రంలో ఏ గడిలో రాస్తారు?

లెక్కలమాస్టారు:
జవాబు ఉంది. పేపర్లు దిద్దాలి, రేపు రాత్రి రాస్తాను.