మట్టిలో గుచ్చే పరికరానికీ ల్యాబ్ నివేదికకూ పొంతన లేదు. దేన్ని నమ్మాలి?

కొత్తచాలు:
ఆరెకరాల్లో మొక్కజొన్న, దాని వెనుక శనగ వేస్తాను. ఎరువుల మోతాదు తగ్గించాలన్న పట్టుదలతో, నేలలో గుచ్చితే ఫోనులో అంకెలు చూపించే పరికరం ఒకటి కొన్నాను. మొన్న ఎండు నేలలో గుచ్చితే నత్రజని 21, భాస్వరం 29, పొటాష్ 58 అని చూపింది. నీళ్లు పెట్టిన మర్నాడు అదే చోట 42, 58, 116 అంది. మధ్యలో పిడికెడు ఎరువు కూడా చల్లలేదు.

ల్యాబ్ నివేదికలో సేంద్రియ కర్బనం 0.38 శాతం, ఉదజని సూచిక (పీహెచ్) 8.1, భాస్వరం తక్కువ అని ఉంది. ఏటా ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు తోలుతున్నా రెండేళ్లలో కర్బనం అంకె కదలలేదు. వాన వెలిసిందంటే నేల పైన అట్ట కడుతుంది. దాన్ని చీల్చుకుని రాలేక మొలకలు లోపలే వంకర తిరిగిపోతాయి. జిప్సం వేస్తే సరిపోతుందని ఒకరు గట్టిగా చెబుతున్నారు. వేయమంటారా?

గాజుకుప్పె:
ఇరవై ఆరేళ్లు మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. మీ అంకెలు చూడగానే పరికరం సంగతి అర్థమైంది. మూడూ సరిగ్గా రెట్టింపయ్యాయి, గమనించారా? భాస్వరం మట్టి రేణువులను గట్టిగా పట్టుకుని ఉండే మూలకం. ఒక్క తడికి, అదీ నత్రజనితో సమానంగా రెట్టింపు కావడం జరగని పని. ఇలాంటి చవక పరికరాల్లో చాలావాటికి పోషకాలను విడివిడిగా కొలిచే శక్తి లేదు. మట్టిలోంచి విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో చూసి, ఆ ఒక్క కొలతనే మూడు గుణకాలతో హెచ్చించి మూడు పేర్లతో చూపిస్తాయి. తడి పెరిగితే విద్యుత్తు బాగా పారుతుంది, అంకెలూ పెరుగుతాయి. తేమ ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో పోల్చుకోవడానికి వాడుకోండి. ఎరువు లెక్కకు మాత్రం వాడకండి.

ఇక కర్బనం. మా ల్యాబ్‌లో చేసింది వాక్లీ, బ్లాక్ 1934లో వివరించిన పద్ధతి. డైక్రోమేట్ అనే రసాయనం, గంధకామ్లం కలిసి మట్టిలోని కర్బనాన్ని దహించాక, మిగిలిన డైక్రోమేట్‌ను చుక్కచుక్కగా కొలుస్తాం. కుప్పెలో ఊదా కలిసిన నీలం రంగు తిరుగుతూ తిరుగుతూ, ఒక్క చుక్కతో ఆకుపచ్చకు మారుతుంది. ఆ చుక్క దాటిపోతే మళ్లీ మొదటికి రావాలి. అంత శ్రద్ధగా కొలిచినా మీ ఎరువు వల్ల వచ్చే మార్పు రెండేళ్లలో దొరకడం కష్టం. లెక్క వేసి చూడండి: ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 8.5 లక్షల కిలోలు. కర్బనం 0.1 శాతం పెరగాలంటే 850 కిలోల కర్బనం అక్కడే నిలిచిపోవాలి. మీ నాలుగు టన్నుల్లో సుమారు సగం నీరే. మిగతా దానిలో కర్బనం ఆరేడు వందల కిలోలుంటే గొప్ప. అందులోనూ పెద్ద భాగాన్ని సూక్ష్మజీవులు తినేసి బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి. దయచేసి ఎరువు తోలడం మానకండి, అంకె కదలలేదంటే మేలు జరగలేదని కాదు.

జిప్సం తొందరపడి వేయకండి. అది మట్టి రేణువులను విడదీసి అట్ట కట్టించే సోడియాన్ని కాల్షియంతో తప్పించడానికి పనికొస్తుంది. 8.1 సూచిక మాత్రం సున్నం ఉన్న నేలల్లో మామూలే. సోడియం ఎక్కువైన నేలల్లో సాధారణంగా 8.5 దాటుతుంది. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. గాజు గ్లాసులో వాన నీరు పోసి, శనగ గింజంత ఎండు బెడ్డను మెల్లగా వదలండి. కదపకూడదు. బెడ్డ చుట్టూ పాలపొగ లాగా మట్టి తేలితే సోడియాన్ని అనుమానించాలి. బెడ్డ రాలిపోయినా నీరు తేటగా ఉంటే మట్టిని కలిపి ఉంచే జిగురు లోపించిందని అర్థం.

వానపాముబాట:
గాజుకుప్పె గారు చెప్పిన ఆ జిగురు తయారయ్యేది వేళ్ల దగ్గరే. మా చేలోనూ ఇదే అట్ట ఉండేది. పంటకు రెండుసార్లు రోటవేటర్ తిప్పి మట్టిని పిండి చేసేవాళ్లం. పిండి అయిన మట్టి మీద వాన పడితే అట్ట కట్టక ఏమవుతుంది? అయిదేళ్ల కిందట దాన్ని ఆపేశాం. కొయ్యకాలు కాల్చకుండా నేల మీదే పరుస్తున్నాం. ఖాళీ దొరికినప్పుడల్లా జనుము చల్లి, పూత దశలో కలియదున్నుతున్నాం. అదీ పైపైనే.

మీరు ఒక్క పని తప్పకుండా చేయండి. పారతో మోకాలి లోతు గుంట తీసి, ఒక గోడను కత్తి మొనతో పైనుంచి కిందకు గీరుకుంటూ రండి. మాకు జానెడు లోపు కత్తి ఆగిపోయింది. మొక్కజొన్న వేళ్లన్నీ అక్కడికొచ్చి గోడకు గుద్దుకున్నట్టు పక్కకు తిరిగి ఉన్నాయి. ఆ గట్టి పొర ఏ నివేదికలోనూ కనిపించలేదు.

కొత్తచాలు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రెండు గ్లాసులు పెట్టాను. చేను మధ్యలోని బెడ్డ రెండు నిమిషాల్లో కుప్పకూలింది, నీరు మాత్రం తేటగానే ఉంది. రెండో బెడ్డ గట్టు వారన, ఎన్నడూ దున్నని గడ్డి కిందది. రాత్రి పడుకునేముందు చూశాను, అంచులు కాస్త రాలాయే తప్ప బెడ్డ బెడ్డగానే ఉంది. రెండింటి మధ్య దూరం పాతిక అడుగులు కూడా లేదు. ఆ గ్లాసుల ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. నా నేల సహజంగా ఇలాంటిది కాదు, నా దుక్కి వల్లే ఇలా అయింది.

జిప్సం ఆలోచన మానేశాను. ఈసారి రెండెకరాల్లో రోటవేటర్ పెట్టను, శనగ తీయగానే జనుము చల్లుతాను. రేపు గుంట తీస్తాను. భాస్వరం తక్కువన్నారు కదా, మోతాదు పెంచాలా?

గాజుకుప్పె:
పెంచే ముందు వేసే చోటు మార్చండి. సున్నం ఉన్న నేలలో చల్లిన భాస్వరం కాల్షియంతో కలిసి బిగుసుకుపోతుంది. విత్తనానికి కాస్త పక్కగా, కాస్త కిందుగా చాలులో పడేలా వేస్తే వేరుకు త్వరగా అందుతుంది. వచ్చే నమూనా కూడా ఇదే నెలలో, అవే చోట్ల, అదే 15 సెంటీమీటర్ల లోతున తీయండి. మార్చిన రెండెకరాల మట్టిని మిగతా దానితో కలపకుండా వేరే సంచిలో పంపండి.