పొందూరు పంచెను నూనె రంగుల్లో ఎలా వేయాలి: పొరలుగానా, తడి మీదేనా?

శ్రీకాకుళం కుర్రాడు: పొందూరు ఖద్దరు పంచె, ఎర్రంచు కండువాతో కూర్చున్న ఒక పెద్దాయన బొమ్మ మొదలెట్టాను. ముందు బూడిదరంగులో వెలుగునీడలు తేల్చి, ఆరాక పల్చటి రంగు పొరలు వెయ్యమంటారు కొందరు. తడి మీదే తడిరంగు పెట్టి ఒకేసారి తేల్చెయ్యమంటారు ఇంకొందరు. ఏది మంచిదండీ?

విజయనగరం మాస్టారు: పొరలే బాబూ. మోకాలి దగ్గర బిగుసుకున్న గుడ్డ అక్కణ్ణుంచే నలువైపులా లాగుతుంది. ఆ లాగుడు రంగు గొడవ లేకుండా ముందే తేల్చుకోవాలి. అది తప్పితే పంచె కింద కాలున్నట్టే అనిపించదు.

పొందూరు వైపు మనిషి: మాస్టారూ, మడతల సంగతి ఒప్పుకుంటాను. కానీ తెల్ల ఖద్దరుకి బూడిద అడుగు వద్దు. పట్టు మీద వెలుగు గీతలా మెరిసి, పక్కనే నీడలో పడిపోతుంది. వాలుగ చేప దవడతో దువ్విన పత్తిని చేత్తో వడికిన నూలు అలా మెరవదు. వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. పైగా 100 కౌంటు పంచె, అంటే చాలా సన్నటి నూలుతో నేసింది, ఎంత పల్చనంటే, ఒక్క పొరే ఉన్నచోట లోపలి చర్మం రంగు తెలుస్తుంది. కుచ్చిళ్ళ దగ్గరే తెలుపు నిండుగా ఉంటుంది. నీడలో కూడా గుమ్మం వైపు మడత ఆకాశపు నీలాన్ని, కింది మడత గచ్చు ఎరుపుని పట్టుకుంటుంది. ఈ తేడాలు తడి మీద పక్కపక్కన పెడితేనే బతుకుతాయి. అమెరికన్ చిత్రకారుడు సార్జెంట్ 1880లో వేసిన ‘ఫ్యుమే దాంబ్ర గ్రి’ చూడండి, తెల్లగోడ ముందు తెల్లబట్టల మనిషి. ఆ తెలుపుల్లో ఎన్ని రంగులో!

తమ్ముడూ, పోగులు ఒక్కొక్కటీ గీయకు. వెలుగూ నీడా కలిసేచోట పొడిబ్రష్ తేలిగ్గా ఈడ్చు. కాన్వాసు నేతే ఖద్దరు నేతగా కనిపిస్తుంది.

విజయనగరం మాస్టారు: సార్జెంట్ చెయ్యి వేరు. నేర్చుకునేవాడు తడిలో పదేపదే దిద్దితే తెలుపంతా మురికే. బూడిద వద్దంటే మట్టి గోధుమరంగు, అదే పల్చటి అంబర్‌తో అడుగు వేసుకోనివ్వండి. మడతలు ముందు కుదరాలన్న మాట మాత్రం నేను వదలను.

పొందూరు వైపు మనిషి: అంబర్ అయితే సరే, పల్చగా, నూనె తక్కువగా. మడత తప్పితే పైన రుద్దొద్దు తమ్ముడూ, కత్తితో గీకేసి మళ్ళీ వెయ్యి. జింక్ వైట్ వద్దు, ఏళ్ళు గడిస్తే పెళుసెక్కి పగులుతుంది. టైటానియం వాడు. ఎర్రంచుకి మాత్రం మాస్టారి పొరలే మేలు. అయితే అలిజరిన్ క్రిమ్సన్‌తో వద్దు. పల్చగా వేస్తే వెలుతురుకి వెలిసిపోతుంది. క్వినాక్రిడోన్ ఎరుపు తీసుకో.