పోకెమాన్ డబుల్స్ టీమ్: ఆరింటికి ఆరు ఐటమ్స్ ఎలా పంచాలి?

ప్రశ్న:

అందరికీ నమస్తే. స్కార్లెట్-వయలెట్ గేమ్ డబుల్స్ (ఒకేసారి రెండేసి పోకెమాన్‌లు దిగే ఆట) ఆడుతున్నాను, ఎక్కువగా ఫోన్‌లో షోడౌన్ అనే ఆన్‌లైన్ పోకెమాన్ పోటీల సైట్‌లోనే. పోకెమాన్‌లని ఎంచుకోవడం, మూవ్స్ పెట్టుకోవడం వరకూ ఫర్వాలేదు. ఐటమ్స్ (ఒక్కో పోకెమాన్ చేత పట్టించే వస్తువులు) దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏది ఎవరికివ్వాలో తేలట్లేదు. ప్రస్తుతం నా టీమ్ ఇది:

టోర్నాడస్ – ఫోకస్ శాష్
ఇన్సినరోర్ – అసాల్ట్ వెస్ట్
రిల్లాబూమ్ – లెఫ్టోవర్స్
ఫ్లట్టర్ మేన్ – చాయిస్ స్కార్ఫ్
ఉర్షిఫు (నీటి రకం) – లైఫ్ ఆర్బ్
ఘోల్డెంగో – చాయిస్ స్పెక్స్

టోర్నాడస్‌ని ముందు దింపుతున్నా టెయిల్‌విండ్ (కొన్ని టర్న్‌లు మన వైపు స్పీడ్ రెట్టింపు చేసే మూవ్) పడట్లేదు. ఇన్సినరోర్‌కి పార్టింగ్ షాట్ ఉంది కానీ ఆ బటన్ నొక్కనివ్వట్లేదు. ఘోల్డెంగో మొదటి దెబ్బ అదిరిపోతుంది, ఆ తర్వాత చప్పబడిపోతుంది. ఒక్కో పోకెమాన్‌కి బెస్ట్ ఐటమ్ ఏదో చెప్పే లిస్ట్ ఎక్కడైనా ఉంటే చెప్పండి అన్నా.

జవాబు:

తమ్ముడూ, టీమ్ చాలా బాగుంది. పోకెమాన్‌లలో ఒక్కదాన్ని కూడా మార్చక్కర్లేదు.

లిస్టులు బోలెడున్నాయి కానీ వాటితో నీ పని జరగదు. అధికారిక డబుల్స్‌లో ఐటమ్ క్లాజ్ ఉంటుంది: ఆరింట్లో ఏ రెండూ ఒకే ఐటమ్ పట్టుకోకూడదు. ఒకదానికి శాష్ ఇచ్చావంటే మిగతా ఐదింటికీ శాష్ లేనట్టే. కాబట్టి పంక్తిలో వడ్డించినట్టు మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా వరసగా ఇచ్చుకుంటూ పోకూడదు. ప్రతి పోకెమాన్ దగ్గరా ఆగి, దీని పని ఏంటి, ఆ పని జరక్కుండా ఎదుటివాడు ఏం చేస్తున్నాడు అని చూడు. ఫలానా ఐటమ్ లేకపోతే పనే జరగదు అనిపించేవాటికి ముందు ఇవ్వాలి. ఏదిచ్చినా సర్దుకుపోయేవి చివర్లో తీసుకుంటాయి.

టోర్నాడస్‌తోనే మొదలుపెడదాం, ఎందుకంటే నీ టీమ్ మొత్తం దాని టెయిల్‌విండ్ మీద నడుస్తోంది. ప్రాంక్‌స్టర్ అబిలిటీ (దాని సహజ గుణం) వల్ల టెయిల్‌విండ్‌కి +1 ప్రయారిటీ వస్తుంది, ప్రయారిటీ ఎక్కువున్న మూవ్ స్పీడ్‌తో పని లేకుండా ముందు పడుతుంది. ఎదుటిదాన్ని బెదరగొట్టే ఫేక్ అవుట్‌ది +3. అంటే ఎదుటి ఇన్సినరోరో రిల్లాబూమో ఫేక్ అవుట్ వేస్తే అదే ముందు తగులుతుంది, టోర్నాడస్ బెదిరిపోయి ఆ టర్న్ ఊరికే పోతుంది. నీకు జరుగుతున్నది ఇదే అనుకుంటున్నా. ఇక్కడ శాష్ రెండు రకాలుగా వృథా. ఒకటి, అది బెదరడాన్ని ఆపదు. రెండు, ఒక్క దెబ్బకి పడిపోకుండా 1 హెచ్‌పీతో నిలబెట్టే ఈ శాష్ పని చెయ్యాలంటే హెచ్‌పీ (ప్రాణం) నిండుగా ఉండాలి, ఫేక్ అవుట్ చిన్న దెబ్బే అయినా ఆ నిండుతనం పోతుంది. తర్వాత పెద్ద దెబ్బ పడితే శాష్ చేతిలో ఉండగానే టోర్నాడస్ పడిపోతుంది.

దీనికి కోవర్ట్ క్లోక్ ఇవ్వు. ఎదుటివాళ్ల దెబ్బలతో పాటు వచ్చే అదనపు ఎఫెక్ట్స్ ఏవీ దీన్ని పట్టుకోలేవు. ఫేక్ అవుట్ డ్యామేజ్ పడుతుంది, కానీ బెదరదు, టెయిల్‌విండ్ పడుతుంది. ఐసీ విండ్ తగిలినా స్పీడ్ తగ్గదు. డ్యామేజ్ చెయ్యని మూవ్స్‌ని వాడనివ్వని టాంట్‌ని మాత్రం క్లోక్ ఆపలేదు. నీకు ఎక్కువగా టాంట్ వేసేవాళ్లే ఎదురవుతుంటే దాన్ని వదిలించే మెంటల్ హెర్బ్ గురించి ఆలోచించు.

ఇన్సినరోర్ సంగతి సులువు. అసాల్ట్ వెస్ట్ స్పెషల్ డిఫెన్స్‌ని ఒకటిన్నర రెట్లు చేస్తుంది, బదులుగా డ్యామేజ్ చెయ్యని మూవ్ ఒక్కటి కూడా వాడనివ్వదు. పార్టింగ్ షాట్ డ్యామేజ్ చెయ్యదు కాబట్టి బటన్ మూసుకుపోయింది. ఆ టర్న్‌కి దెబ్బలు తగలకుండా కాపాడే ప్రొటెక్ట్ కూడా అంతే. ఆ వెస్ట్ తీసి రిల్లాబూమ్‌కి ఇచ్చెయ్. ఫేక్ అవుట్, గ్రాసీ గ్లైడ్, వుడ్ హ్యామర్, యూ-టర్న్ అన్నీ కొట్టే మూవ్సే, దానికి వెస్ట్ వల్ల పోయేదేమీ లేదు.

ఇన్సినరోర్‌కి సిట్రస్ బెర్రీ పెట్టు. లెవెల్ 50లో హెచ్‌పీకి ఈవీలు (స్టాట్‌లు పెంచే ట్రైనింగ్ పాయింట్లు) పూర్తిగా పోస్తే దానికి 202 హెచ్‌పీ. 101కో అంతకన్నా కిందకో దిగగానే బెర్రీ తిని 50 ఒకేసారి వెనక్కి తెచ్చుకుంటుంది. అదే లెఫ్టోవర్స్ అయితే టర్న్‌కి 16వ వంతు, అంటే 12. డబుల్స్‌లో ఒక పోకెమాన్ మైదానంలో ఉండేదే కొద్ది టర్న్‌లు. ఆ 12లు కూడి 50 అయ్యేసరికి ఆట అయిపోతుంది. 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సెజున్ పార్క్ పచిరిసుతో గెలిచాడే, ఆ పచిరిసు చేతిలో ఉన్నదీ సిట్రస్ బెర్రీయే. ఫాలో మీతో పక్కదాని మీదకొచ్చే దెబ్బల్ని తన మీదకి లాక్కోవడం దాని పని, ఆ పనికి కావాల్సింది ఇంకొక్క దెబ్బ తట్టుకునే ఓపిక. ఐటమ్ ఎంపిక అంటే నాకు ఇప్పటికీ అదే గుర్తొస్తుంది.

ఒకవేళ నీకు అమూంగస్ తరచూ తగులుతుంటే ఇన్సినరోర్‌కి సేఫ్టీ గాగుల్స్ పెట్టినా మంచిదే. అమూంగస్ వేసే స్పోర్‌కి నిద్రపోదు, అమూంగస్ రేజ్ పౌడర్ ఇన్సినరోర్ దెబ్బల్ని తన మీదకి లాక్కోలేదు.

ఘోల్డెంగోకి స్పెక్స్ తప్పు కాదు, కానీ దాని ముఖ్యమైన దెబ్బ మేక్ ఇట్ రెయిన్. వేసిన ప్రతిసారీ దాని సొంత స్పెషల్ ఎటాక్ ఒక మెట్టు దిగుతుంది. చాయిస్ ఐటమ్ పట్టుకుంటే మొదట వేసిన మూవ్‌నే పట్టుకుని ఉండాలి. అంటే దిగిపోయిన బలంతో అదే దెబ్బ మళ్లీ మళ్లీ. అందుకే చప్పబడిపోతోంది. స్పెక్స్ ఉంచుకుంటే ఒక దెబ్బ కొట్టి లోపలికి పిలిచెయ్యాలి. పైగా నీ సెట్‌లో ప్రొటెక్ట్ ఉంటే స్పెక్స్‌తో దానికి అర్థం లేదు. నేనైతే మెటల్ కోట్ ఇస్తాను. స్టీల్ దెబ్బలు 1.2 రెట్లు, ఏ బంధనమూ లేదు, సొంత హెచ్‌పీ కూడా పోదు.

ఫ్లట్టర్ మేన్, ఉర్షిఫు గురించి కొంచెం ఆగి రాస్తాను. ముందు ఈ నాలుగూ మార్చి ఆడి చూడు.

అడిగినవారు:

చాలా థ్యాంక్స్ అన్నా. క్లోక్ పెట్టాక టెయిల్‌విండ్ పడుతోంది. ఇంకో డౌట్: మెటల్ కోట్ 1.2 రెట్లే కదా, లైఫ్ ఆర్బ్ 1.3 రెట్లు. ఆర్బ్ అన్ని దెబ్బలకీ పనిచేస్తుంది కూడా. అదే ఇస్తే మేలు కాదా?

జవాబు:

ఈ ప్రశ్నకి రెట్లు చూసి జవాబు చెప్పలేం, డ్యామేజ్ కాలిక్యులేటర్ తెరవాల్సిందే. ఎదుటి పోకెమాన్‌ని పెట్టు, ఒకసారి మెటల్ కోట్‌తో, ఒకసారి ఆర్బ్‌తో లెక్క తియ్యి. ఒకే దెబ్బ 85 శాతం నుంచి 100 శాతం మధ్య 16 రకాలుగా పడొచ్చు కాబట్టి కింది అంకె, పై అంకె రెండూ చూడు. రెండు దెబ్బల్లో పడే పోకెమాన్ ఆర్బ్‌తో ఒక్క దెబ్బకే పడుతుందంటే ఆర్బ్ తన చోటు సంపాదించుకున్నట్టు. రెండింటితోనూ రెండు దెబ్బలే కావాల్సి వస్తుంటే, ఆ మిగులు డ్యామేజ్ నీకు దేనికీ పనికిరాదు. దానికోసం దెబ్బకి పదో వంతు హెచ్‌పీ పోగొట్టుకుంటున్నావు.

నిన్ను బాగా ఇబ్బంది పెట్టే నాలుగైదు పోకెమాన్‌ల మీద ఈ లెక్క తీస్తే చాలు, మొత్తం జాబితా మీద అక్కర్లేదు.

ఇంకొకరు:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఫ్లట్టర్ మేన్‌కి శాష్ ఇవ్వమని నా సలహా. దాని ఫిజికల్ డిఫెన్స్ బేస్ 55. సిజర్ బులెట్ పంచ్ లాంటివి ముందే వచ్చి పడతాయి, ఎంత స్పీడున్నా ఉపయోగం లేదు. ఘోస్ట్ టైప్ కాబట్టి ఫేక్ అవుట్ తగలదు, టోర్నాడస్‌కి వచ్చిన ఇబ్బంది దీనికి రాదు. టెయిల్‌విండ్ వేసే టోర్నాడస్ ఉండగా మళ్లీ స్పీడ్ ఐటమ్ ఎందుకు?

జవాబు:

మీరన్నది సరైన మాటే. టెయిల్‌విండ్‌లో టిమిడ్ నేచర్ (స్పీడ్ పెంచే స్వభావం) ఉన్న ఫ్లట్టర్ మేన్ స్పీడ్ 205 నుంచి 410 అవుతుంది, దాని మీద ఇంకా స్పీడ్ పెట్టి చేసేదేమీ లేదు. శాష్ పెడితే తప్పులేదు.

కానీ ఆరింట్లో ప్రతి ఆటకీ నాలుగే తీసుకెళ్తాం. టోర్నాడస్‌ని ఇంటి దగ్గర ఉంచే ఆటలు వస్తాయి. ఆ ఆటల్లో ఫ్లట్టర్ మేన్ తన కాళ్ల మీద తను నిలబడాలి. అందుకే నేను బూస్టర్ ఎనర్జీ వైపు మొగ్గుతాను. అది ఉన్న స్టాట్‌లలో అన్నిటికన్నా ఎక్కువున్నదాన్ని పెంచుతుంది. స్పీడ్ అయితే ఒకటిన్నర రెట్లు, వేరేది అయితే 1.3 రెట్లు. 205కి ఒకటిన్నర అంటే 307. తమ్ముడు పెట్టుకున్న స్కార్ఫ్‌తో వచ్చేదీ సరిగ్గా 307యే. తేడా ఏంటంటే స్కార్ఫ్ ఒకే మూవ్‌కి కట్టేస్తుంది, బూస్టర్ ఎనర్జీ కట్టెయ్యదు. మూన్‌బ్లాస్ట్ వేసి మరుసటి టర్న్ ప్రొటెక్ట్ వెయ్యొచ్చు. స్కార్ఫ్‌కి ఉన్న లాభం ఒక్కటే, పోకెమాన్ లోపలికెళ్లి మళ్లీ వచ్చినా స్పీడ్ ఉంటుంది. బూస్టర్ ఎనర్జీ ఒక్కసారికే, లోపలికి పిలిస్తే పోయినట్టే. కాబట్టి ఫ్లట్టర్ మేన్‌ని దించాక ఊరికే మారుస్తూ ఉండకూడదు.

అప్పుడు శాష్ ఉర్షిఫుకి మిగులుతుంది. టెయిల్‌విండ్‌లో ఉర్షిఫుకి స్పీడ్ చాలు, సర్జింగ్ స్ట్రైక్స్ ప్రతిసారీ క్రిటికలే కాబట్టి బలమూ చాలు. దానికి లేనిది ప్రాణం. ఎదుటి ఫ్లట్టర్ మేన్ మూన్‌బ్లాస్ట్ తగిలి కూడా 1 హెచ్‌పీతో నిలబడితే తిరిగి ఆక్వా జెట్ వెయ్యగలదు. ఇంకో సంగతి, ఉర్షిఫుకి లైఫ్ ఆర్బ్ నాకు మొదటినుంచీ నచ్చదు. సర్జింగ్ స్ట్రైక్స్ మూడుసార్లు తగులుతుంది, మూడుసార్లూ ముట్టుకునే దెబ్బే. ఎదుటివాడి చేతిలో రాకీ హెల్మెట్ ఉంటే ముట్టుకున్న ప్రతిసారీ ఆరో వంతు పోతుంది. ఈవీలు లేని ఉర్షిఫు హెచ్‌పీ 175, మూడు 29లు 87. ఒక్క మూవ్‌కి సగం ప్రాణం. దాని పైన ఆర్బ్ ఇంకో 17 తీసుకుంటుంది. హెల్మెట్ పట్టుకున్న అమూంగస్ కనిపిస్తే ఉర్షిఫుని దాని మీదకి పంపొద్దు, చేతిలో ఏ ఐటమ్ ఉన్నా సరే.

శాష్ విషయంలో ఒక జాగ్రత్త. మూడుసార్లు తగిలే దెబ్బకి శాష్ నిలవదు. మొదటి దెబ్బకి ఆపుతుంది, తర్వాతి దెబ్బకి పడిపోతుంది. శాండ్‌స్టార్మ్ కూడా అంతే, టర్న్ చివర కొంచెం గీసినా ఇక శాష్ లేనట్టే.

అడిగినవారు:

అన్నా, స్కార్ఫ్ దాచిపెట్టి ఎదుటివాడిని కంగారు పెట్టొచ్చు కదా, బూస్టర్ ఎనర్జీ అయితే దిగగానే తెలిసిపోతుంది. ఇంకోటి, శాష్ ఒకసారి వాడితే గేమ్‌లో మళ్లీ కొనుక్కోవాలా?

జవాబు:

ఆన్‌లైన్ పోటీల్లో వాడిన శాష్, తిన్న బెర్రీ ఆట అయ్యాక తిరిగొస్తాయి, కొనక్కర్లేదు.

దాచడం అన్నది ఎక్కడ ఆడుతున్నావో దాన్నిబట్టి ఉంటుంది. ల్యాడర్‌లో (ఆన్‌లైన్ ర్యాంకింగ్ ఆటల్లో) ఐటమ్ ముందే కనపడదు కాబట్టి స్కార్ఫ్ కంగారు పెడుతుంది. స్కార్లెట్-వయలెట్ కాలంలో పెద్ద అధికారిక టోర్నమెంట్లలో మాత్రం ఓపెన్ టీమ్ షీట్ ఉంది. నీ మూవ్స్, అబిలిటీ, ఐటమ్, టెరా టైప్ (ఆట మధ్యలో మారగల రకం) అన్నీ ఎదుటివాడు ఆటకి ముందే చదువుకుంటాడు. ఈవీలు మాత్రం కనపడవు. అక్కడ ఆశ్చర్యం మీద ఆధారపడే ఐటమ్‌కి విలువ పడిపోతుంది. తెలిసినా ఆపలేనిది కావాలి. క్లోక్ అలాంటిది, వెస్ట్ అలాంటిది. షీట్‌లో క్లోక్ చూసినవాడు టోర్నాడస్ మీద ఫేక్ అవుట్ వేసే ఆలోచనే మానుకుంటాడు, అదీ నీకు లాభమే.

మరొకరు:

నేను డబుల్స్ ఆడను, స్మోగన్ అనే ఫ్యాన్ సైట్ నియమాలతో ఓయూ సింగిల్స్ (ఒకదానితో ఒకటి ఆడేది) ఆడతాను. ఇవే సూత్రాలు పనిచేస్తాయా?

జవాబు:

ఆలోచించే పద్ధతి అదే, జవాబులు వేరు. అక్కడ ఐటమ్ క్లాజ్ లేదు, ఆరింటికీ ఒకే ఐటమ్ పెట్టుకోవచ్చు. ఆట సాగుతుంది కాబట్టి లెఫ్టోవర్స్‌కి నిజంగా విలువుంది. ఎదుటివాడు మన వైపు పరిచే స్టెల్త్ రాక్ వల్ల పోకెమాన్ మైదానంలోకి వచ్చిన ప్రతిసారీ దెబ్బ తగులుతుంది. వోల్కరోనా లాంటి రాక్‌కి నాలుగు రెట్ల బలహీనత ఉన్నవాటికి అయితే సగం హెచ్‌పీ అక్కడే పోతుంది. అందుకే ఆ దెబ్బ తగలకుండా కాపాడే, 2019లో సోర్డ్-షీల్డ్‌తో వచ్చిన హెవీ-డ్యూటీ బూట్స్ అక్కడ అంత ముఖ్యం. నాక్ ఆఫ్ అనే మూవ్‌ని కూడా లెక్కలో పెట్టుకోండి. ఐటమ్ ఉన్నవాడి మీద దాని బలం ఒకటిన్నర రెట్లు, పైగా ఐటమ్ ఊడిపోతుంది. బూట్స్ ఊడితే ఇబ్బంది పడే పోకెమాన్‌ని నాక్ ఆఫ్ ముందుకి తేకండి.

అడిగినవారు:

అన్నా, ఇప్పుడు ఇలా పెట్టాను: టోర్నాడస్ – కోవర్ట్ క్లోక్, ఇన్సినరోర్ – సిట్రస్, రిల్లాబూమ్ – వెస్ట్, ఘోల్డెంగో – మెటల్ కోట్, ఉర్షిఫు – శాష్, ఫ్లట్టర్ మేన్ – బూస్టర్ ఎనర్జీ. కానీ బూస్టర్ ఎనర్జీ స్పీడ్‌ని కాకుండా స్పెషల్ ఎటాక్‌ని పెంచుతోంది. బగ్గా?

జవాబు:

బగ్ కాదు. నేచర్ మోడెస్ట్ (స్పెషల్ ఎటాక్ పెంచేది) పెట్టి ఉంటావు. ఫ్లట్టర్ మేన్‌కి స్పెషల్ ఎటాక్, స్పీడ్ రెండూ బేస్ 135. మోడెస్ట్‌లో ఈవీలు రెండింటికీ నిండుగా పోస్తే స్పెషల్ ఎటాక్ 205, స్పీడ్ 187. ఎక్కువున్నది స్పెషల్ ఎటాక్ కాబట్టి అదే పెరుగుతోంది. రెండూ సమానంగా ఉన్నా స్పెషల్ ఎటాక్‌నే ఎంచుకుంటుంది, స్పీడ్ వంతు అన్నిటికన్నా చివర. టిమిడ్‌కి మార్చు, ఆ రెండు అంకెలూ తారుమారవుతాయి. మార్చాక ఒక ఆట ఆడి, అది దిగగానే వచ్చే మెసేజ్‌లో స్పీడ్ పేరు ఉందో లేదో చూసి ఇక్కడ రాయి.