తప్పు చేసిన సంఘపెద్దను క్షమించాక, మళ్లీ పెద్దగానే కూర్చోబెట్టాలా?

కేఆర్ పురం సోదరి:
అందరికీ వందనాలు. మాది బెంగళూరులో చిన్న తెలుగు సంఘం. ఎక్కువమందిమి కర్నూలు, అనంతపురం వైపు నుంచి పనికోసం వచ్చినవాళ్లమే. మా సంఘపెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక సిస్టర్స్ దగ్గర నెలకు రెండు వేల చీటీ కట్టించుకునేవాడు. ఇరవైమందిమి కట్టాం. పెద్దాయన కదా అని ఎవరూ రసీదు అడగలేదు. పోయినేడు చీటీ పాడుకున్నవాళ్లకు డబ్బు రాలేదు. గట్టిగా అడిగితే సొంత ఇంటికి వాడుకున్నానన్నాడు.

ఒక ఆదివారం అందరి ముందూ ఏడ్చి ఒప్పుకున్నాడు. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మరుసటి నెల ప్రభువు బల్ల రోజున, అంటే యేసు మరణాన్ని తలచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజున, రొట్టె పళ్లెం పట్టుకుని మా ముందుకు వచ్చింది ఆయనే. నా పక్కన కూర్చున్న అక్క నాలుగిళ్లలో అంట్లు తోమి ఆ చీటీ కట్టింది. ఆమె రొట్టె తీసుకోలేదు. ఇప్పుడు సంఘంలో “ఆవిడకు క్షమించే మనసు లేదు” అంటున్నారు. కోర్టుకు వెళ్తామంటే, విశ్వాసులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కడాన్ని పౌలు తప్పుపట్టిన 1 కొరింథీ 6 చదివి వినిపిస్తున్నారు. మాదే తప్పా?

హోసూరు రోడ్డు బ్రదర్:
మీ బాధ అర్థమైంది సిస్టర్. కానీ కొరింథు సంఘంలో ఒకడిని వెలివేయమన్న పౌలే, రెండో పత్రికలో, శిక్ష పొందినవాడు దుఃఖంలో మునిగిపోకుండా క్షమించి ఆదరించమన్నాడు. మా ఊళ్లో ఒకాయన్ని ఏళ్ల తరబడి బల్లకు రానివ్వలేదు. ఆయన పిల్లలు ఈరోజు ఏ చర్చి గడపా తొక్కరు. కేసు పెడితే ఈయన భార్యాపిల్లల గతేంటి?

వైట్‌ఫీల్డ్ అన్న:
బ్రదర్, ఆ పిల్లల మాట నన్నూ కదిలించింది. అయితే 1 కొరింథీ 6 ఏడో వచనం దగ్గర ఆపేయకండి. మోసపోయినా ఓర్చుకోకూడదా అని అడిగిన వెంటనే, ఎనిమిదో వచనంలో, మీరే సహోదరులను మోసం చేస్తున్నారని గద్దించాడు. అంతకుముందు, మీ మధ్య తీర్పు తీర్చగల బుద్ధిమంతుడు ఒక్కడూ లేడా అన్నాడు. అంటే సంఘం కూర్చుని లెక్క తేల్చాలి. లెక్క తేల్చకుండా కోర్టుకు వెళ్లొద్దంటే, అది పౌలు మాట కాదు.

యేసును కలిసి మారిన సుంకం వసూలుదారు జక్కయ్య ఏడ్చాడని లూకా సువార్తలో రాయలేదు. ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుంటే నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడని రాశాడు. ఈ పెద్దాయన ఎంత ఇచ్చాడు?

ఇంకో మాట. బల్ల వేరు, పదవి వేరు. మారుమనస్సు పొందినవాడిని బల్లకు పిలవండి, నేనూ పక్కన కూర్చుంటాను. పెద్ద మాత్రం బయటివాళ్ల దగ్గరా మంచి పేరు ఉన్నవాడై ఉండాలని 1 తిమోతి 3 చెబుతోంది. పళ్లెం ఆయన చేతికి ఇవ్వకూడదు.

హోసూరు రోడ్డు బ్రదర్:
పదవి సంగతి ఒప్పుకుంటాను. తిరిగి ఇచ్చే స్తోమత లేకపోతే?

వైట్‌ఫీల్డ్ అన్న:
ఇల్లు ఉంది కదా. లేదంటే నెలకింతని, ఇద్దరు సాక్షుల ముందు రాసి ఇవ్వాలి. మాట తప్పితే పోలీసుల దగ్గరికి వెళ్లే హక్కు సిస్టర్స్‌కు ఉంది. రిజిస్టర్ చేయని చీటీ నడపడమే 1982 చిట్ ఫండ్స్ చట్టానికి విరుద్ధం.

బెంగళూరు టీచరమ్మ:
సండే స్కూల్ చెప్పేదాన్ని కాబట్టి ఒకటి చెప్పాలి. డబ్బు విషయంలో ముందు సంఘంలో కూర్చోవచ్చు. పిల్లల మీద లైంగిక దాడి జరిగితే అలా కూర్చోడానికి లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది వరకు జైలు. అలాంటి చోట, తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడమనే మత్తయి 18 చూపించి బిడ్డను ఆ మనిషి ఎదుట కూర్చోబెట్టడం ఘోరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, ఆ తర్వాతే పాస్టరుగారికి చెప్పండి.

కేఆర్ పురం సోదరి:
వందనాలు అన్నా, టీచరమ్మా. బ్రదర్, ఆయన పిల్లల మీద మాకు ఏ కోపమూ లేదు, వాళ్లు మా పిల్లలతోనే ఆడుకుంటారు. ఎవరు ఎన్ని నెలలు కట్టారో ఈ రాత్రి కాగితం మీద రాస్తున్నాం. ఆదివారం పాస్టరుగారి చేతికి ఇస్తాం. మొదటి పేరు అక్కది.