ఆగస్టు టీచర్ల సభ: ఎవరు ఏం చేస్తున్నారో ఇక్కడే రాయండి

రాజాం తమ్ముడు (మెల్‌బోర్న్, ఏర్పాట్లు)
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. ఆగస్టు చివరి ఆదివారం. ముందు శనివారం అనుకున్నాం గానీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో శనివారం బడి ఉంటుంది, అక్కణ్ణుంచి ఆన్‌లైన్‌లో కలిసే టీచర్లకి కుదరదు. ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నరకి మొదలుపెడితే శ్రీకాకుళంలో ఉదయం తొమ్మిది. 29న గిడుగు రామమూర్తి గారి జయంతి కాబట్టి ఆ వారమంతా మనకి కలిసొస్తుంది. విషయం తెలిసిందే: ఊరు వదిలి, దేశం వదిలి వచ్చినవాళ్లని కలుపుకుపోవడానికి టీచర్లు క్లాసులో ఏం చేస్తున్నారు అన్నది. జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ప్రసంగాలు, ఆఖర్న ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ పరీక్ష మీద క్విజ్, బహుమతులు అనుకుంటున్నాను. ఏమంటారు?

చీపురుపల్లి మాస్టారు
బాబూ, సన్మానం పెడితే నేను రాను. శాలువాలతో బీరువా నిండిపోయింది. టీచర్‌కి మైకు ఇస్తే ప్రసంగమే చేస్తాడు, అది మా జాతి జబ్బు. క్లాసులో చేసేది ఏదో ఒక్కటి, పావుగంటలో చేసి చూపించమనండి. సభలో కూర్చున్నవాళ్లే పిల్లలు.

నా వంతు చెప్తాను. మా వైపు ఇటుక బట్టీలకి ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. పిల్లాడు సంవత్సరం మధ్యలో వస్తాడు, చేతిలో టీసీ ఉండదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం టీసీ రాలేదని వాడిని ఆపకూడదు. వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకుని, వెనకబడి ఉంటే విడిగా నేర్పాలి. చట్టం అక్కడితో ఆగిపోతుంది. మొదటి రోజు ఎవరి పక్కన కూర్చోవాలో చట్టంలో లేదు. చాలామంది ఫస్టు ర్యాంకు పిల్లాడి పక్కన కూర్చోబెడతారు. నేను వాగుడుకాయ పక్కన కూర్చోబెడతాను. ఫస్టు ర్యాంకు వాడు కొత్తవాడి లెక్కలు కూడా తనే చేసి పెట్టేస్తాడు. వాగుడుకాయ మాత్రం జవాబు వచ్చేదాకా వదలడు. సభలో ఇదే చేయిద్దాం.

మందస టీచర్
మాస్టారి మాటే నాదీ. గిడుగు వారి ఫొటోకి దండేసి ఊరుకుంటే లాభం లేదు. పర్లాకిమిడిలో ఆయన ముందు తను సవర అనే గిరిజన భాష నేర్చుకుని, తర్వాత సవర పిల్లలకి వాళ్ల భాషలోనే బడి నడిపారు. మేస్టరే ముందు విద్యార్థి అయ్యాడు. నా ఆలోచన ఏంటంటే, మొదటి అయిదు నిమిషాలు పాఠం అంతా సవరలోనే చెప్తాను. బొమ్మ లేదు, సైగ లేదు. మధ్యలో ప్రశ్నలు వేస్తాను, నోరు విప్పనివాళ్లని హాల్లో ఉన్నవాళ్లు నిలబెట్టాలి. తర్వాత అదే పాఠం బొమ్మలతో, చేతలతో, మధ్యమధ్యన తెలుగు మాటతో. ఒకటో తరగతి సవర పిల్లకి తెలుగు బడిలో ఎలా ఉంటుందో, మెల్‌బోర్న్ బడిలో మీ పిల్లకి మొదటి వారం ఎలా ఉండిందో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు. మా దగ్గర నెట్ మీద నమ్మకం లేదు, వీడియో ముందే తీసి పంపుతాను.

బొబ్బిలి అక్క (మెల్‌బోర్న్ బడిలో టీచర్)
అద్భుతం అమ్మా. నేను దాని వెనకాలే వస్తాను. కొత్తగా వచ్చిన పిల్లలు కొన్ని నెలలు నోరు మెదపరు. వింటూనే ఉంటారు, బుర్రలో పని జరుగుతూనే ఉంటుంది. మనవాళ్లకి అక్కడే టెన్షన్. ‘ఇంట్లో తెలుగు మానేశాం మేడమ్’ అని గర్వంగా చెప్తారు. జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడి లెక్కలో, ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్లలో వచ్చేస్తుంది. సైన్సు పాఠం అర్థం చేసుకునే ఇంగ్లీషుకి అయిదేళ్లు, ఏడేళ్లు కూడా పడుతుంది. గలగలా మాట్లాడుతున్నాడు కదా అని సాయం ఆపేసేది సరిగ్గా మధ్యలోనే. నా క్లాసులో పిల్లలు కథని ముందు ఇంటి భాషలో అనుకుంటారు, తర్వాత రెండు భాషల్లో పుస్తకంగా కుడతారు. ఆ పుస్తకాలు తెస్తాను.

ఇంకొకటి. టీచరుతో మాట్లాడేటప్పుడు పిల్లాడినే దుబాసీగా పెట్టకండి. తన మీద ఫిర్యాదు తనే అమ్మకి చెప్పాలంటే ఏ పిల్లాడు చెప్తాడు? అనువాదకుడు కావాలని బడిని అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

భోగాపురం బావ (సోషల్ టీచర్)
పౌరసత్వం మీద మాది ఒక పాఠం ఉంది. తీరంలో చాలామంది తండ్రులు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద పనికి పోతారు. మ్యాపు ఇచ్చి, నాన్న ఎక్కడున్నాడో గుర్తు పెట్టమంటాను. ఊరి నుంచి అక్కడిదాకా రైలు దారి గీస్తారు. అప్పుడు సముద్రంలో సరిహద్దు గీత ఏదని అడుగుతాను. గీయడం ఎవరి వల్లా కాదు. 2018 నవంబరులో ఆ గీత దాటారని మన జాలర్లని పాకిస్తాన్ పట్టుకుంది. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని అప్పగించింది. ఎక్కువమంది మన రెండు జిల్లాల వాళ్లే. పాస్‌పోర్టు, ఓటు, రేషన్ కార్డు, ఇవన్నీ ఎందుకో మా పిల్లలకి పుస్తకం కంటే ముందు ఇంట్లోనే తెలుసు. అక్కడి పిల్లల చేత కూడా అమ్మానాన్నల దారి గీయించండి.

రాజాం తమ్ముడు
సరే, శాలువాలు రద్దు. క్విజ్ మాత్రం ఉంచుదామా? పరీక్ష రాయబోయేవాళ్లు చాలామంది అడుగుతున్నారు.

కవిటి వదిన (మెల్‌బోర్న్‌లో పెద్దలకి ఇంగ్లీషు నేర్పుతారు)
ఉంచు, కానీ పది నిమిషాలే. పరీక్ష 20 ప్రశ్నలు, 45 నిమిషాలు, 15 రావాలి. వాటిలో విలువల మీద అయిదు ఉంటాయి, ఆ అయిదూ తప్పకూడదు. అరవై నిండితే పరీక్షే లేదు. బట్టీ పట్టి పాసవడం మనవాళ్లకి నేర్పక్కర్లేదు! నేర్పాల్సింది ఆ అయిదు ప్రశ్నలే. ‘భార్య డబ్బు ఖర్చు పెట్టాలంటే భర్త అనుమతి కావాలా?’ లాంటివి నలుగురు నలుగురు కూర్చుని వాదించుకోనిద్దాం. జవాబు టిక్ పెట్టడం కాదు, ఇంటికెళ్లి అమలు చేయడం ఎలాగో మాట్లాడాలి. ఆడవాళ్ల గుంపు వేరే పెట్టండి, లేకపోతే మగవాళ్లే మాట్లాడేస్తారు.

ప్రభుత్వం నడిపే ఉచిత ఇంగ్లీషు క్లాసులు 1948 నుంచి ఉన్నాయి. ముందు 510 గంటలే అనేవాళ్లు, 2021లో ఆ పరిమితి తీసేశారు. అర్హత ఉండి కూడా వెళ్లని అత్తగార్లు, తల్లులు మనలో ఎందరో. నమోదు బల్ల గుమ్మం దగ్గరే పెట్టాలి. ఇంకో మాట: ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటే మన పాస్‌పోర్టు అప్పజెప్పాల్సిందే. తర్వాత తీసుకునే ఓసీఐ కార్డుతో (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉద్దానంలో కొబ్బరి తోట కొనలేరు. తాతల తోట వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది, వస్తే సభంతా దీనికే పోతుంది. కాగితం మీద రాసి పంచేస్తాను.

రాజాం తమ్ముడు
అయితే వరస ఇది: మందస వీడియో, బొబ్బిలి అక్క, మాస్టారు లైవ్‌లో, బావ మ్యాపు పాఠం, ఆఖర్న వదిన వాదనల గుంపులు. మ్యాపులు నేను ప్రింటు తీయిస్తాను. పిల్లల గదిలో పనిచేసే వలంటీర్లకి విక్టోరియాలో వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (పిల్లలతో పనిచేసేవాళ్ల పూర్వాపరాల తనిఖీ) తప్పనిసరి. వలంటీర్లకి ఉచితమే, ఇవాళే దరఖాస్తు పెట్టండి. భోజనం పులిహోర, పనసపొట్టు కూర. ఎవరు వండుతారో కింద రాయండి. వీడియోలు సభకి వారం ముందే నాకు చేరాలి.

చీపురుపల్లి మాస్టారు
తొమ్మిదికి మా ఊళ్లో కరెంటు ఉంటుందో లేదో. ఫోన్ ఛార్జింగ్ పెట్టి సిద్ధంగా ఉంటాను. నా పక్కన కూర్చునే వాగుడుకాయని మీరే ఎంచండి.